నీలిమందు ఎటు పోయింది?

"మా అల్లుడు 'అయిపోయింది' అన్నాడంటే అవ్వలేదని అర్థం తల్లీ. నా కూతురి పెళ్లప్పుడు మా ఇంట్లో కుళాయి బాగుచేస్తానన్నాడు. మనవరాలు హైస్కూలుకొచ్చింది, కుళాయి ఇంకా కారుతూనే ఉంది."

పోలీస్ స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ముసలావిడ అన్న మాట ఇది. అల్లుడి మీద ఆవిడకు ఏ కోశానా గౌరవం లేదు. అయినా మూడు రోజులుగా అతని కోసం కాళ్లరిగేలా తిరిగింది ఆవిడే. కూతురు మంచం దిగకుండా ఏడుస్తుంటే, తాను లాయరు దగ్గరికి పోయి, అక్కణ్ణించి డిటెక్టివ్ గుమ్మం పట్టుకుంది. "చేతకానివాడే గాని చెయ్యెత్తేవాడు కాదు" అని అదే మాట మీద కూర్చుంది.

ఆ అల్లుడు ప్లంబరు. పేటలో అందరూ 'రేపు' అని పిలుస్తారు. ఎవరే పని చెప్పినా రేపు చేస్తానంటాడు కనుక ఆ పేరు వచ్చింది. అతనికీ కోపం లేదు, పిలిస్తే పలుకుతాడు.

పేటలోకి ఈమధ్యే ఊరి డ్రైనేజీ లైను వచ్చింది. ఇన్నాళ్లూ పెరట్లో సెప్టిక్ ట్యాంకులతో నెట్టుకొచ్చినవాళ్లంతా ఇంటి పైపును ట్యాంకు నుంచి తప్పించి వీధి లైనుకు కలుపుకోవాలని, పాత ట్యాంకును ఇసకతో పూడ్చెయ్యాలని మున్సిపాలిటీ నోటీసులిచ్చింది. మలుపులో ఉన్న పెద్ద ఇంటి పని రేపు చేతిలో పడింది. మంగళవారం మధ్యాహ్నం మున్సిపల్ ఇంజనీరు వచ్చి, కనెక్షన్ అయిందని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి వెళ్లాడు. బుధవారం తెల్లవారేసరికి ఆ ఇంటి పెద్దాయన, గేటు బయట పైపు కోసం తవ్విన గోతిలో తల పగిలి పడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం ఆయనతో నలుగురూ వినేలా గొడవపడింది రేపు. రాత్రి పదింటికి టార్చిలైటుతో ఆ గేటు దగ్గర తచ్చాడుతూ ఎదురింటాయన కంటపడిందీ రేపే. ఇంకేం కావాలి పోలీసులకు?

ఈ రోజు శుక్రవారం. మూడింటికి అతన్ని కోర్టులో నిలబెట్టి హత్యానేరం మోపుతారు. అంత్యక్రియలు నిన్ననే అయిపోయాయి. డిటెక్టివ్‌కు మిగిలింది ఒక పూట.

ఆ డిటెక్టివమ్మ ఇరవయ్యేళ్లు ఈ పోలీసు శాఖలోనే వేలిముద్రల విభాగంలో పనిచేసి, పైవాళ్లతో పడక బయటికొచ్చిన మనిషి. అడిగిన ప్రశ్ననే అటు తిప్పి ఇటు తిప్పి జవాబు వచ్చేదాకా అడుగుతుంది. అందుకే పోలీసులు వెనకాల 'జిడ్డు' అంటారు. ఇన్‌స్పెక్టరు మాత్రం మొహం మీదే అంటాడు.

లాయరు రాసిచ్చిన చీటీ చూసి రైటరు ఆవిడను లాకప్ దాకా తీసుకెళ్లాడు. రేపు గోడకు చేరబడి కూర్చున్నాడు. పెదవి చిట్లి ఉంది.

"పెద్దాయనతో గొడవ దేనికొచ్చింది?"

"పాత ట్యాంకు పూడ్చొద్దన్నారండి. తన చేత్తో కట్టుకున్నానని, ఇంకో వందేళ్లుంటుందని. నేను రూలు చెప్పాను. కోపమొచ్చింది."

"లైను కలిపేశావా?"

"ఆఁ. అయిపోయింది మేడమ్."

"ఎప్పుడు?"

"మంగళవారమే. ఇంజనీరుగారు సంతకం కూడా పెట్టారు కదా."

"మరి రాత్రి పదింటికి ఎందుకెళ్లావు?"

రేపు నేల వంక చూశాడు. "ఊరికే. సామాను మర్చిపోయాను."

"ఏం సామాను?"

"కర్ర. కొక్కెం కర్ర."

"అది ఇప్పటికీ వాళ్ల పెరట్లోనే ఉందట. తెచ్చుకోలేదేం?"

జిడ్డు అక్కడే కింద కూర్చుంది. ఇనప కమ్మీలకు ఇటు ఆవిడ, అటు అతను.

"చూడు నాయనా. మీ అత్తగారు బయట కూర్చున్నారు. నువ్వు అయిపోయిందన్నావంటే అవ్వలేదని అర్థమట. లైను కలిపేసి ఉంటే ఆ రాత్రి నీకక్కడ పని లేదు. పని లేనివాడు అక్కడికెందుకొచ్చాడని జడ్జి అడుగుతాడు. చంపడానికొచ్చాడని ఇన్‌స్పెక్టరు చెప్తాడు. ఇప్పుడు చెప్పు, లైను కలిపావా?"

రేపు మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"లేదు మేడమ్. జాయింటు ముక్క సైజు తప్పొచ్చింది. వీధి వైపు అంతా పూర్తిచేశాను, ట్యాంకు దగ్గర జానెడు ఖాళీ మిగిలింది. దాని మీద గోనెపట్టా వేసి మట్టి కప్పేశాను. ఇంజనీరుగారు కారు దిగలేదు. అయిందా అన్నారు, అయిందన్నాను, సంతకం పెట్టారు. రాత్రికి సరైన ముక్క తెచ్చి ఎవరూ చూడకుండా కలిపేద్దామనుకున్నాను. వెళ్లేసరికి గేటు లోపల తాళం. పిలిస్తే పెద్దాయన లేస్తారని భయమేసి, రేపు చూద్దాంలే అని వచ్చేశాను."

"మరి పోలీసులకు ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంజనీరు ఉద్యోగం పోతుంది, నా లైసెన్సు పోతుంది. నోరు మూసుకుంటే బెయిలిప్పిస్తానని ఇంజనీరుగారు కబురంపారు."

"ఎప్పుడిప్పిస్తాడట?"

"రేపు" అన్నాడు రేపు.

జిడ్డుకు నవ్వు రాలేదు. ఈ మనిషి తన బద్ధకాన్ని దాచుకోవడానికి ఉరికంబం ఎక్కేలా ఉన్నాడు. ఇలాంటి వెర్రితనం మీద ఆవిడకు ఎప్పుడూ మండుకొస్తుంది, జాలీ వేస్తుంది.

"కలపలేదని ఇంకెవరికి తెలుసు?"

"పెద్దాయనకు తెలిసిపోయింది, అసలు గొడవ అందుకే, వీధిలోవాళ్లకు తిట్లే వినబడ్డాయి గాని. ట్యాంకు మూతకు చెవి ఆనించి నీళ్లు పడుతున్న చప్పుడు విన్నారు. ఆ తర్వాత కోడలుగారికి నేనే చెప్పాను. రాత్రికొచ్చి కలిపేస్తానమ్మా, అందాకా నీళ్లు పాత ట్యాంకులోకే పోతాయి, కాస్త గేటు తీసి ఉంచండని. సరేనన్నారు."

"గేటు తీసి ఉంచమన్నావు. సరేనన్నది. నువ్వెళ్లేసరికి తాళం."

"అవునండి."

వెనక బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు వచ్చి నిలబడ్డాడు. ఎక్కణ్ణించి వచ్చాడో గాని చేతులకు తెల్లటి పల్చటి రబ్బరు గ్లవ్స్ ఉన్నాయి. ఆయన శుభ్రతపిచ్చి ఊరంతటికీ తెలుసు. ఎవరింట్లోనూ మంచినీళ్లు పుచ్చుకోడు, తలుపుగడియ వేలితో ముట్టుకోడు. మాట్లాడుతూనే ఒక గ్లవ్ ఊడదీసి పిడికిట్లో ఉంచుకుని, రెండోదాన్ని దాని మీదుగా తిరగేసి లాగి, మణికట్టు దగ్గర ముడి వేసి చెత్తబుట్టలో పడేశాడు. ఆయన విడిచిన గ్లవ్స్ ముడి లేకుండా ఇంతవరకూ చూడలేదని రైటరు ఒకసారి చెప్పాడు.

"ఏమండీ జిడ్డుగారూ, ఏమన్నా పిండారా రాయిలోంచి నూనె?"

"మీరు పిండినట్టున్నారుగా. పెదవి చిట్లింది."

"జారిపడ్డాడు." ఇన్‌స్పెక్టరు చేతులకు క్రిములు చంపే మందు రాసుకున్నాడు. "కేసు తేటతెల్లం మేడమ్. లైను కలిపేశానని వాడే రాసిచ్చాడు. బుధవారం పొద్దున్నే, నా ముందు. పనైపోయినవాడికి రాత్రి ఆ ఇంటి దగ్గర ఏం పని? సాయంత్రం తిట్టించుకున్న కసి. ముసలాయన్ని బయటికి పిలిచి గోతిలోకి తోశాడు. మీకింకేం కావాలి?"

"డాక్టరు కడుపులో ఏముందో పరీక్ష చేశాడా?"

"తల పగిలి చచ్చినవాడికి కడుపెందుకు?"

"ఊరికే అడిగాను" అంది జిడ్డు లేస్తూ. లైను సంగతి ఆవిడ బయటపెట్టలేదు. పెడితే ఇన్‌స్పెక్టరు దాన్ని కూడా రేపు మెడకే చుడతాడు, మోసం బయటపడుతుందని చంపాడంటాడు.

*

మలుపులో ఇంటి గేటు ఇనపది, నిలువెత్తుది. బయట ఓ పక్కగా ఉన్న గోతి చుట్టూ పోలీసుల తాడు కట్టి ఉంది. అడుగున మున్సిపాలిటీ పైపు, పక్కన పెద్దాయన తల తగిలిన రాయి. జిడ్డు గోతి కంటే గేటును ఎక్కువసేపు చూసింది. లోపలివైపు గొలుసు, దానికి పిడికిలంత తాళం. వీధిలోంచి చెయ్యి దూర్చి తియ్యడానికి వీల్లేకుండా ఇనప రేకు అడ్డం బిగించి ఉంది.

తలుపు తీసింది కోడలు. నలభై ఏళ్లుంటాయి. కళ్ల కింద నలుపు, మాట నెమ్మది. నడుముకు తాళాలగుత్తి వేలాడుతోంది, ఆవిడ కదిలినప్పుడల్లా చప్పుడవుతోంది. భర్త వేరే ఊళ్లో ఉద్యోగం. తండ్రి పోయాక వచ్చి పైగదిలో తలుపేసుకుని పడుకున్నాడు. ముసలావిడ జిడ్డు వెనకాలే లోపలికొచ్చి, పిలవకపోయినా కుర్చీలో కూర్చుంది.

"మీ మామయ్యగారికి తాళాలంటే ఇష్టమట కదమ్మా" అంది జిడ్డు.

"ఇష్టం కాదండి. అదే లోకం. బియ్యం డబ్బాకు తాళం, ఫ్రిజ్‌కు తాళం, టెలిఫోన్‌కు తాళం. పదిహేడేళ్లు ఈ ఇంట్లో పంచదార కావాలన్నా అడిగి తీయించుకున్నాను." కోడలు గొంతు పెంచలేదు. "పోయినవాళ్ల గురించి ఎందుకులెండి."

"గుత్తి ఎక్కడ పెట్టేవారు?"

"మొలకు. స్నానానికి వెళ్లినా విప్పేవారు కాదు."

"ఇంకో జత?"

"ఆయన బతికుండగానా?" కోడలు పెదవులు కాస్త విచ్చుకున్నాయి. "లేదండి. ఒక్కటే గుత్తి."

"గేటు తాళం ఎప్పుడు వేసేవారు?"

"ఎనిమిదింటికల్లా. మంగళవారం కూడా వేశారు. తొమ్మిదింటికి పాలు తాగి పడుకున్నారు. తర్వాత నాకు తెలీదు."

"పాలు ఇచ్చింది?"

"నేనే. రోజూ నేనే ఇస్తాను."

"బుధవారం శవాన్ని చూసింది ఎవరు?"

"పాలబ్బాయండి. ఆరింటికి. గోతిలో చూసి గేటు బాదాడు. నేను పరిగెత్తుకొచ్చి గేటు తీశాను."

జిడ్డు కొంచెం ఆగింది. ఆవిడ ఆగిందంటే పక్కవాళ్లకు భయం వెయ్యాలి, కాని కోడలికి ఆ సంగతి తెలియదు.

"తాళం వేసి ఉందా?"

"ఆఁ."

"లోపలివైపు?"

"అవును. మరి లోపలే కదండీ..." అని ఆగిపోయింది.

"మామయ్యగారు గేటు బయట. తాళం గేటు లోపల. గుత్తి ఆయన మొలకు. మరి మీరు తాళం దేంతో తీశారమ్మా?"

ముసలావిడ కుర్చీలో ముందుకు జరిగింది. కోడలి చెయ్యి నడుము మీది గుత్తిని గట్టిగా పట్టుకుంది, చప్పుడు ఆగింది. ఆమె నోరు తెరిచేలోపల వీధిలో లారీ హారన్ మోగింది. ఆ వెనకే పోలీసు జీపు ఆగింది.

"రానివ్వండి రానివ్వండి" అంటూ ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. చేతులకు కొత్త గ్లవ్స్. "జిడ్డుగారూ, నా సాక్షుల్ని మీరు విసిగిస్తే కుదరదు. అమ్మా, మీరు లోపలికెళ్లి కాస్త మంచినీళ్లు తీసుకురండి."

కోడలు తెచ్చింది. ఇన్‌స్పెక్టరు గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. గ్లాసు తుడవలేదు, అంచు చూడలేదు. జిడ్డు ఆ గ్లాసు వంక, తర్వాత ఆయన వంక చూసింది.

లారీ డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. "ఇసకండి. ప్లంబరు ఈ రోజుకని పోయినవారమే చెప్పాడు. వెనక్కి పెట్టి ట్యాంకులో పోసెయ్యనా? మూత పొద్దున్నే వచ్చి జరిపేశాను."

రేపు జీవితంలో సమయానికి జరిగిన పని ఇదొక్కటే, అదీ అతని కొంప ముంచడానికి.

"ఇవాళ వద్దు" అంది కోడలు గబుక్కున.

"ఎందుకొద్దమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మా పరిశీలన అయిపోయింది. లైను కలిపేశాక పాత ట్యాంకు తెరిచి ఉంచితే ఎవరైనా పడతారు. పోసెయ్యనివ్వండి."

"వద్దు... ఇంట్లో మనిషి పోయాడు, ఇప్పుడే ఇవన్నీ..."

"పోసెయ్యవయ్యా" అన్నాడు డ్రైవరుతో.

జిడ్డు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ట్యాంకు పూడిస్తే ఇంట్లో నీళ్లు కదలవని కోడలికి తెలుసు. చెప్పలేకపోతోంది. చెప్తే, రాత్రి ప్లంబరు ఎందుకొస్తాడో తనకు ముందే తెలుసని ఒప్పుకున్నట్టే, రేపు మెడలో ఉరి వదులైనట్టే. ఇన్‌స్పెక్టరుకు మాత్రం ఏమీ తెలియదు. లైను కలిసిపోయిందని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు.

"ఒక్క పావుగంట ఆగు నాయనా" అంది డ్రైవరుతో. "ఇన్‌స్పెక్టరుగారూ, లైను కలిపాడని మీ కాగితంలో రాశారు. చూసి రాశారా, విని రాశారా?"

"సర్టిఫికెట్ ఉంది."

"సర్టిఫికెట్ ఫ్లష్ చేస్తే ఎటు పోతుందో నాకు తెలీదు. నీలిమందు పోస్తే తెలుస్తుంది."

బట్టలుతికే గట్టు మీద నీలిమందు సీసా సగానికి పైగా ఉంది. జిడ్డు అది తీసుకుని పెద్దాయన గదిలోకి నడిచింది. ఒంటి మంచం, గోడకు కొట్టిన మేకులు, మూలన స్నానాలగది. మంచం పక్కన బల్ల మీద పాలగ్లాసు గుండ్రటి మచ్చ మిగిలి ఉంది.

"బుధవారం ఈ గది ఎవరు చూశారు?"

"ఇన్‌స్పెక్టరుగారొక్కరే" అంది గుమ్మం దగ్గర కోడలు. "మమ్మల్నెవర్నీ రానివ్వలేదు. తలుపేసుకుని చూశారు."

"ఆధారాలు చెడిపోకూడదు కదా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీరు చెప్పండి మేడమ్, ఈ రంగులాట ఎంతసేపు?"

"ముసలావిడ వీధిలో మ్యాన్‌హోల్ మూత తీయించి చూస్తుంటారు. నీలం అక్కడ కనబడితే మీరు గెలిచారు. నేను ఇంటికి పోతాను."

ముసలావిడ అప్పటికే వీధిలోకి పోయింది. పేటంతా వినబడే గొంతుతో నలుగుర్నీ పోగుచేసి మూత ఎత్తించింది. జిడ్డు సీసా అంతా కమోడ్‌లో వంపి నీళ్లు వదిలింది. మళ్లీ వదిలింది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు, ఆ తర్వాత గుంపును చూసుకోమని తన వెంట వచ్చిన కానిస్టేబుల్ని వీధిలోకి తోలాడు.

"పెద్దమ్మగారూ, ఏమైనా వచ్చిందా?" అని కిటికీలోంచి అరిచింది జిడ్డు.

"మురుగే వస్తోంది తల్లీ. నీలం లేదు."

బకెట్లకొద్దీ పోశారు. వీధి నీళ్లలో నీలం జాడ లేదు. ఇన్‌స్పెక్టరు మొహంలో ఎగతాళి మెల్లగా తగ్గిపోయింది. గ్లవ్స్ వేళ్లు సరిచేసుకుంటూ, "లోపలెక్కడో ఆగి ఉంటుంది" అన్నాడు.

"ఆగింది. ఎక్కడ ఆగిందో చూద్దాం రండి" అని జిడ్డు పెరటివైపు నడిచింది.

"ఆగండి. ట్యాంకులో విషవాయువు ఉంటుంది. నా అనుమతి లేకుండా దాని దగ్గరికి పోవడానికి వీల్లేదు."

"ఇందాక పోసెయ్యమన్నారు, ఎవరైనా పడతారని. ఇప్పుడు చూడొద్దంటున్నారు. ఏదో ఒకటి తేల్చండి."

ఆవిడ ఆగలేదు. ట్యాంకు మూత పొద్దుటి నుంచీ పక్కకు జరిపి ఉంది. ఈలోగా గేటులోంచి వెనక్కి వచ్చిన లారీ దాదాపు దాని అంచుదాకా వచ్చి నిలబడింది, ఇంజను దడదడలాడుతోంది. జిడ్డు ముక్కుకు కొంగు చుట్టుకుని, వంగకుండా కాస్త ఎడంగా నిలబడి చూసింది. పైన పేరుకున్న నల్లటి తెట్టు కింద నుంచి, ఇంటి పైపు వచ్చి పడే చోట, నీలం మెల్లగా విచ్చుకుంటోంది. కళ్లు చెదిరేంత నీలం.

లైను కలపలేదు. ఇంట్లోంచి పోయినదంతా, పెద్దాయన బతికున్నప్పుడూ చచ్చాకా, ఇక్కడికే వచ్చింది.

రేపు చెప్పింది నిజమని తేలింది. ఆవిడ వచ్చిన పని అంతవరకే. కాని ఆ నీలం మధ్య తెల్లగా ఏదో తేలుతోంది.

ముందు చచ్చిన చేపేమో అనుకుంది. తర్వాత దానికి వేళ్లు కనిపించాయి. గాలి నిండి ఉబ్బిన రబ్బరు గ్లవ్. మణికట్టు దగ్గర ముడి వేసి ఉంది.

జిడ్డు గోడకు ఆనించి ఉన్న రేపు కొక్కెం కర్ర అందుకుని మెల్లగా దాన్ని దగ్గరికి లాగింది. కొక్కెం ముడికి తగులుకుంది. పైకెత్తింది. పల్చటి రబ్బరులోంచి లోపలివి కనబడుతున్నాయి. వెండిరంగు నిద్రమాత్రల రేకులు, రెండు మూడు. మాత్రలున్న గుంటలన్నీ చిట్లి ఖాళీగా ఉన్నాయి.

ఒక్కొక్కటీ వచ్చి వరసలో నిలబడ్డాయి. తొమ్మిదింటికి పాలు. పాలల్లో నిద్రమాత్రలు. నిద్రమత్తులో ఉన్న మనిషిని చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఎక్కడికైనా నడుస్తాడు, ప్లంబరు వచ్చి పోయాక గేటు దాటి గోతి అంచుదాకా కూడా. అక్కడ ఒక్క తోపు చాలు. అతని మొల నుంచి గుత్తి విప్పుకుని లోపలికొచ్చి తాళం వేసుకోవడానికి ఎంతసేపు? ఆ తొందరలో రేకులు మంచం కింద మిగిలిపోయి ఉంటాయి. తెల్లవారాక తలుపేసుకుని గది చూసిన మనిషికి అవి దొరికి ఉంటాయి. ఆ మనిషి వాటిని జేబులో వేసుకోడు, శుభ్రతపిచ్చి. గ్లవ్‌లో చుట్టి, అలవాటు కొద్దీ ముడి వేసి, కమోడ్‌లో వదిలేశాడు. లైను కలిసిపోయిందని రేపు అంతకుముందే రాసిచ్చాడు కదా. ఊరి మురుగులో కలిసిపోయిందనుకున్నాడు.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఈయన ఇంకొకరు తొక్కిన అడుసు కడగబోయాడు.

జిడ్డు వెనక్కి తిరిగింది. ఇన్‌స్పెక్టరు అక్కడే నిలబడి కర్ర కొస వంకే చూస్తున్నాడు. పెరటి గుమ్మంలో కోడలు. ఆమె కూడా చూసింది.

"ఈ గ్లవ్ ఎవరిదో చెప్పనక్కర్లేదు" అంది జిడ్డు. లారీ చప్పుడులో గొంతు పెంచాల్సొచ్చింది. "నాకు తెలియనిదొకటే. ఎవరింట్లోనూ గుక్కెడు నీళ్లు తాగని మనిషి ఈ ఇంటి గ్లాసు ఎందుకు తుడవలేదు? ఎవరి కోసం ఇంత పని చేశాడు?"

ఇన్‌స్పెక్టరు వీధి వైపు చూశాడు. జవాబు చెప్పింది కోడలు. మూడు రోజులుగా ఆయన్ని అందరి ముందూ సార్ అని పిలిచిన మనిషి, ఇప్పుడు గుమ్మంలో కూలబడిపోయి, ఇంట్లోవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నన్నొక్క మాట అడగాల్సింది బావగారూ. అక్కతో కబురు చేసినా చెప్పేదాన్ని. లైను ఇంకా కలపలేదని నాకు తెలుసు కదా."

ఇంజను చప్పుడులో ఆ మాట లారీ డ్రైవరు దాకా పోలేదు. ఆ మాటతో రేపు బతికాడు, కాని అది తెలిసినవాళ్లు ముగ్గురే. అందులో ఇద్దరు చెప్పరు. మూడో మనిషి ట్యాంకు అంచున నిలబడి ఉంది, సాక్ష్యం ఆమె చేతిలో కర్ర కొసన వేలాడుతోంది.

"పోసెయ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు డ్రైవరు వైపు చెయ్యి ఊపి. అద్దంలో ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనబడని డ్రైవరు మీట లాగాడు. జిడ్డు వెనక లారీ తొట్టి నెమ్మదిగా లేవడం మొదలుపెట్టింది. మొదటి ఇసక ఆవిడ మడమల మీద రాలింది.

"తల్లీ, ఇక్కడ నీలం రాలేదే" అని గోడ అవతల నుంచి ముసలావిడ గొంతు. "ఇంకా చూస్తూ ఉండమంటావా?"

జిడ్డు నోరు తెరిచేలోపల ఇన్‌స్పెక్టరు చేతుల గ్లవ్స్ ఊడదీసి నేల మీద పారేశాడు. ఈసారి ముడి వెయ్యలేదు. ఒక్క అంగలో ముందుకొచ్చి, మురుగు కారుతున్న ఆ కర్రను ఉత్త చేతులతో పట్టుకున్నాడు.